"మా వల్ల అయింది" అని పిల్లలు అనాలంటే: కారే కుళాయితో మొదలయ్యే మార్గదర్శి

ఆరో తరగతి పిల్లలను "మీ ఊళ్లో ఏం మారాలి?" అని అడగండి. గుక్క తిప్పుకోకుండా చెబుతారు. "దాన్ని మార్చడానికి మీరేం చేయగలరు?" అని అడగండి. క్లాసు చప్పబడిపోతుంది. కాసేపటికి ఎవరో ఒకరు "మొక్కలు నాటుతాం సార్" అంటారు. అది వ్యాసరచన పోటీల్లో రాసి రాసి నోటికి వచ్చేసిన జవాబు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న అగాధాన్ని ఉపన్యాసాలతో పూడ్చలేం. "మీరు తలచుకుంటే ఏదైనా సాధించగలరు" అని ఏటా చెబుతూనే ఉన్నాం, ఏటా మొక్కల జవాబే వస్తోంది.

తన వల్ల అవుతుందన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో ఒక సిద్ధాంతంగా చెప్పాడు. ఆయన నాలుగు మూలాలు చూపించాడు. స్వయంగా ఒక పని చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు నెగ్గడం చూడటం, ఇతరులు ధైర్యం చెప్పడం, ఆ సమయంలో ఒంట్లోనూ మనసులోనూ ఉండే బెరుకు లేదా కుదురు. వీటిలో మొదటిదే అన్నిటికన్నా బలమైనది. మనం ఎక్కువగా వాడేది మూడోది, ఎందుకంటే మాట చెప్పడానికి ఖర్చు లేదు.

అందుకే ఈ మార్గదర్శి అంతా మొదటిదాని చుట్టూ తిరుగుతుంది. పిల్లలు ఒక నిజమైన సమస్యను ఎంచుకుని, కొలిచి, సంబంధిత అధికారికి చెప్పి, అది తీరేదాకా వెంటపడాలి. బడిలో ఉపాధ్యాయులైనా, అపార్ట్‌మెంట్‌లో నలుగురు పిల్లలను పోగుచేసిన తల్లిదండ్రులైనా చేయించవచ్చు. వయసు పది నుంచి పధ్నాలుగు మధ్య ఉంటే బాగా కుదురుతుంది. సమయం రెండు నెలలు అనుకోండి.

1. పిల్లల చేతికి అందే సమస్యను ఎంచుకోనివ్వండి

ఒక శనివారం పూట పిల్లలకు తలా ఒక నోటు పుస్తకం ఇచ్చి బడి చుట్టూ, వీధి చుట్టూ తిప్పండి. కనిపించిన ప్రతి ఇబ్బందీ రాయమనండి. మీరు వేలుపెట్టి ఏదీ చూపించవద్దు. పెద్దల కంటికి ఆనని సంగతులు వాళ్ల కంట పడతాయి. మరుగుదొడ్డి తలుపు గడియ చిన్నపిల్లలకు అందనంత ఎత్తులో ఉంది. సైకిళ్లు పెట్టే చోట వాన పడితే బురద. గేటు ఎదురుగా మలుపులో ఆటోలు వేగంగా వస్తాయి. మంచినీళ్ల కుళాయి ఒకటి ఎప్పుడూ కారుతూనే ఉంటుంది.

జాబితా అయ్యాక మూడు ప్రశ్నలతో వడకట్టండి. దీన్ని మనం రోజూ చూస్తున్నామా? దీన్ని బాగుచేసే అధికారం ఉన్న మనిషి దగ్గరికి మనం నడిచి వెళ్లగలమా? పని జరిగితే నెల రోజుల్లో కంటికి కనిపిస్తుందా? మూడింటికీ అవును అని వచ్చినవాటిలోంచి పిల్లలే చేతులెత్తి ఒకటి ఎంచుకోవాలి.

"ప్లాస్టిక్ కాలుష్యం", "భూతాపం" వంటివి పిల్లలు తప్పకుండా చెబుతారు. కొట్టిపారేయకండి, కోసి చిన్నది చేయండి. ప్లాస్టిక్ కాలుష్యం అంటే మన వీధిలో ఎక్కడ కనిపిస్తోంది? గేటు పక్క టిఫిన్ బండి దగ్గర. అక్కడ ఏముంది? చట్నీ కట్టి ఇచ్చే కవర్లు. ఇప్పుడది పదకొండేళ్ల పిల్లవాడు బండి యజమానితో మాట్లాడగలిగే విషయమైంది.

మలావత్ పూర్ణ కథ తెలుగు పిల్లలందరికీ తెలిసిందే. నిజామాబాద్ జిల్లా గిరిజన తండా నుంచి వచ్చి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, పద్నాలుగేళ్లు నిండకముందే 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ఆ కథ చెప్పేటప్పుడు మనం నేరుగా శిఖరం దగ్గరికి వెళ్లిపోతాం. ఆమె మొదట ఎక్కింది భువనగిరి కొండ. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, ఆ తర్వాత లడఖ్ చలి. పిల్లలకు భువనగిరి గురించి ఎక్కువ చెప్పండి. ఈ జాబితాలో వాళ్లు వెతకాల్సింది కూడా అలాంటి మొదటి కొండనే.

2. ముందు కొలవాలి, తర్వాతే అడగాలి

నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఎక్కువమంది దాటేసేదీ ఇదే. "కుళాయి కారుతోంది" అంటే అది ఫిర్యాదు. "రోజుకు ఇన్ని లీటర్లు పోతున్నాయి" అంటే సమాచారం. రెండోదాన్ని చేతిలో పట్టుకున్న పిల్ల గొంతు మారుతుంది, ఎందుకంటే ఆ గదిలో ఆ అంకె తెలిసింది తనకొక్కతెకే.

కావలసినవి లీటరు సీసా, గడియారం, పలక లేదా కాగితం. కారే కుళాయి కింద సీసా పెట్టి అది నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయాలి. ఒక్కసారి కొలిస్తే చాలదు. ట్యాంకులో నీటిమట్టాన్ని బట్టి ధార మారుతుంది కనుక ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం కొలవాలి. ఉదయం 18 నిమిషాలు, మధ్యాహ్నం 22, సాయంత్రం 20 వచ్చాయనుకుందాం. సగటు 20 నిమిషాలు. గంటకు 3 లీటర్లు, రోజుకు 72, ముప్ఫై రోజుల నెలకు 2,160 లీటర్లు. ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్నుల్లో లెక్కేస్తే 108 టిన్నులు. ఈ చివరి అంకె దగ్గర పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుంటారు, ఎందుకంటే టిన్ను ఇంటికి ఎంతకు వస్తుందో వాళ్లకు తెలుసు.

ఇక్కడే ఒక పిల్లవాడు లేచి, "సార్, ఆ కుళాయికి రోజంతా నీళ్లు రావు కదా" అంటాడు. అనకపోతే మీరే ప్రశ్నగా వేయండి. ట్యాంకుకు కలిపిన కుళాయి అయితే ఇరవై నాలుగు గంటల లెక్క సరిపోతుంది. పొద్దున రెండు గంటలు మాత్రమే నీళ్లు వదిలే వీధి కుళాయి అయితే పోయేది 72 లీటర్లు కాదు, 6 లీటర్లు. అంకె తగ్గినందుకు పిల్లలు నీరుగారిపోవచ్చు. తగ్గించిన అంకెనే రాయించండి. ఉన్నదాన్ని పెంచి చెబితే అధికారి మొదటి ప్రశ్నకే దొరికిపోతారు, ఆ అవమానం చాలాకాలం గుర్తుంటుంది. సరైన అంకె చెప్పిన పిల్లలను ఎవరూ తేలిగ్గా పంపించలేరు.

వేరే సమస్య అయితే వేరే కొలత. మలుపు దగ్గర వేగంగా వచ్చే వాహనాలైతే గేటు లోపల నిలబడి, పెద్దవాళ్లు పక్కన ఉండగా, బడి వదిలే అరగంటలో ఎన్ని వాహనాలు వెళ్లాయో గీతలు గీయడం. గడియ ఎత్తు అయితే టేపు పెట్టి కొలిచి, ఒకటో తరగతిలో ఎందరికి అందదో లెక్కించడం. వెలగని వీధిదీపమైతే స్తంభం మీది నంబరు రాసుకోవడం.

3. ఇది ఎవరి పని?

పెద్దవాళ్లకే సరిగా తెలియని సంగతి ఇది. పిల్లలతో కలిసి మీరూ నేర్చుకుంటారు. బడి లోపలి సమస్య అయితే ప్రధానోపాధ్యాయులు, ఆ పైన పాఠశాల యాజమాన్య కమిటీ. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. అంటే ఎవరో ఒకరి అమ్మ అందులో ఉండే ఉంటుంది. ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి వచ్చిన గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్, పట్టణాల వార్డు సచివాలయాల్లో ఎమినిటీస్ (వసతుల) కార్యదర్శి ఉంటారు. తెలంగాణలో కలెక్టరేట్లలో సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణి జరుగుతుంది, కానీ కారే కుళాయికి అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో నీటి సమస్యకు జలమండలి ఫోను నంబరు 155313.

వీధిదీపం విషయంలో ఒక తిరకాసు ఉంది. స్తంభం, తీగలు విద్యుత్ సంస్థవి, బల్బు పంచాయతీ లేదా మున్సిపాలిటీది. విద్యుత్ కార్యాలయానికి వెళ్తే పంచాయతీకి పొమ్మంటారు, పంచాయతీకి వెళ్తే "లైన్‌మన్ రావాలి" అంటారు. ఈ తిప్పుడు ఎలా ఉంటుందో పిల్లలకు ముందే చెప్పి పంపితే వాళ్లు దాన్ని తమ ఓటమి అనుకోరు, దారిలో వచ్చే మలుపు అనుకుంటారు.

4. అర్జీ పిల్లల చేతిరాతలోనే ఉండాలి

మీరు దిద్దకండి. అక్షరదోషాలు పిల్లలే ఒకరివి ఒకరు దిద్దుకోనివ్వండి. పెద్దల భాషలో "సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలైన కాగితాన్ని ఎవరో రాసిచ్చారని అధికారి అర నిమిషంలో కనిపెట్టేస్తాడు. నాలుగు విషయాలు ఉంటే చాలు: మేము ఎవరం, ఏం చూశాం, ఏం కొలిచాం, ఏం కావాలి. ఇలా:

"పంచాయతీ కార్యదర్శి గారికి నమస్కారం. మేము ఉన్నత పాఠశాలలో 7వ తరగతి చదువుతున్నాం. బడి గోడ పక్కనున్న కుళాయి కారుతోంది. సోమవారం నుంచి బుధవారం వరకు రోజుకు మూడుసార్లు కొలిచాం. లీటరు సీసా సగటున 20 నిమిషాల్లో నిండుతోంది. ఇది ట్యాంకు కుళాయి కాబట్టి రోజుకు 72 లీటర్లు పోతున్నాయి. లెక్క రెండో పేజీలో ఉంది. కుళాయి బాగు చేయించగలరు. ఎప్పటిలోగా చేస్తారో చెబితే మేము మళ్లీ వచ్చి చూసుకుంటాం."

చివరి వాక్యమే ఈ అర్జీకి ప్రాణం. అది లేకపోతే కాగితం ఫైల్లో పడుకుంటుంది.

రెండు ప్రతులు తీసుకెళ్లాలి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోవాలి. వెళ్లే ముందురోజు క్లాసులో నాటకంలా అభ్యాసం చేయించండి. ఒకరు అధికారిగా కూర్చుని "ఇప్పుడు తీరిక లేదు, రేపు రండి", "మీ సారెవరు?", "చదువుకోక మీకెందుకు ఇవన్నీ?" అని అడగాలి. ఆ వేషం కోసం పిల్లలు పోటీ పడతారు, నిజం అధికారికన్నా కటువుగా నటిస్తారు కూడా. బండూరా చెప్పిన నాలుగో మూలం ఇదే. కాళ్లు వణకడం క్లాసులోనే అయిపోతే కార్యాలయంలో తగ్గుతుంది.

కార్యాలయంలో మీరు వెనక, గుమ్మం దగ్గర నిలబడండి. అధికారి సహజంగా మీ వైపు చూసే మాట్లాడతారు. మీరు పిల్లల వైపు చూడండి. ఒకసారి ఇలాగే ఒక కార్యదర్శి గారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఏమ్మా, మీ సారు పంపించారా?" అన్నారు. ముందున్న అమ్మాయి కాగితం రెండో పేజీ తిప్పి ఆయన ముందు పెట్టి, "కాదండీ, మేమే కొలిచాం. ఇదిగో, బుధవారం మధ్యాహ్నం నేనే కూర్చున్నా" అంది. ఆయన కుర్చీలో సర్దుకుని లెక్క చూడటం మొదలుపెట్టారు. రెండో వరుసలో గుణకారం సరిచూడటానికి పెన్ను కూడా తీశారు.

"పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ" అనే పెద్దమనుషులూ తగులుతారు. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల అభిప్రాయం వినాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది. 1989లో వచ్చిన ఆ ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. అయితే ఈ మాటతో వాదనకు దిగమని కాదు, మీ మనసులో ఉంచుకోండి చాలు. కుళాయి బాగుపడాలంటే ఆ మనిషితోనే పని.

5. ఎదురుచూడటం నేర్పండి, దొడ్డిదారిన పని జరిపించకండి

క్లాసు గోడకు క్యాలెండర్ తగిలించండి. ఇచ్చిన తేదీకి గుండ్రం చుట్టి, వారానికి ఒక రోజు ఇద్దరు పిల్లలు వెళ్లి కనుక్కుని రావాలి, లేదా మీ ఎదుట ఫోను చేయాలి. వంతులు వేస్తే ధైర్యవంతులు ఇద్దరే అన్నీ చేసేయకుండా ఉంటారు. ప్రతిసారీ ఎవరితో మాట్లాడారు, ఏమన్నారు అని ఒక వాక్యం రాయాలి.

రెండు వారాలు గడిచినా కదలిక లేకపోతే మనసు మరో దారి వెతుకుతుంది. సర్పంచ్ గారు మీకు తెలుసు. ఒక్క ఫోను చేస్తే సాయంత్రానికి పని అయిపోతుంది. చేయకండి. కుళాయి బాగుపడుతుంది, కానీ పిల్లలు నేర్చుకునేది "తెలిసినవాళ్లు ఉంటే పనవుతుంది" అని. ఆ పాఠం వాళ్లకు బయట ఎలాగూ ఉచితంగా దొరుకుతుంది, మనం కూడా చెప్పాలా?

నెల దాటితే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నాటి ఆ చట్టం పౌరులకు హక్కు ఇచ్చింది, వయసు పరిమితి పెట్టలేదు. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే సంవత్సరం చేసిన నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయాలకు దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. "మా అర్జీపై ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. దరఖాస్తు మీద పెద్దవాళ్ల పేరు, చిరునామా పెట్టడం మంచిది. జవాబు వచ్చే కవరు మాత్రం పిల్లలే చించి చదవాలి.

6. పని జరగకపోతే

జరగకపోవచ్చు. మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ 1967లో చేసిన ప్రయోగాల్లో ఏం చేసినా బాధ తప్పదని అనుభవమైన జంతువులు, తప్పించుకునే దారి తెరిచి ఉన్నా చాలావరకు కదలలేదు. నేర్చుకున్న నిస్సహాయత అంటే ఇది. ఓడిపోయాం అని వదిలేస్తే పిల్లలకూ అదే అలవాటవుతుంది. కాబట్టి ఓటమిని విడదీసి చూపించాలి.

జవాబే రాలేదా? అయితే తప్పు అర్జీది కాదు, తలుపు మార్చాలి. డబ్బు లేదన్నారా? ఎంత అవుతుందని అడగాలి. కుళాయి కారడానికి చాలాసార్లు కారణం అరిగిపోయిన వాషరు. బడి ఆవరణలోనిదైతే ప్లంబరును పిలిచి, పిల్లలు చుట్టూ నిలబడి ఎలా మారుస్తారో చూడవచ్చు. బాగుచేసి వెళ్లారు, వారంలో మళ్లీ కారుతోందా? మళ్లీ సీసా పెట్టి కొలిచి, పాత అంకె పక్కన కొత్త అంకె రాయాలి. ఇదివరకు 20 నిమిషాల్లో నిండినది ఇప్పుడు గంటన్నర పడితే అది ఓటమి కాదని పిల్లలే చెబుతారు. నిజంగానే ఏమీ జరగకపోతే "ఏమీ జరగలేదు" అనే చెప్పండి. "ప్రయత్నించాం కదా, అదే గొప్ప" అని చప్పట్లు కొట్టిస్తే ఆ వయసు పిల్లలు ఇట్టే కనిపెడతారు. చిన్నదైనా నెగ్గే అవకాశం ఉన్న మరో సమస్యను వెంటనే ఎత్తుకోండి.

7. మెచ్చుకోవడంలో పొదుపు, ప్రదర్శనలో ఇంకా పొదుపు

"నువ్వు చాలా తెలివైనదానివి" అనే బదులు "నువ్వు మధ్యాహ్నం ఎండలో కూర్చుని కొలిచావు కాబట్టే ఆయన నమ్మారు" అనండి. ఏ పని వల్ల ఏ ఫలితం వచ్చిందో ముడివేసి చెప్పిన మెప్పు మర్నాడు కూడా పనికొస్తుంది.

శాలువాలు, పత్రికా ఫోటోలు, వాట్సాప్ స్టేటస్‌లు వద్దు. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం రాసిన పత్రంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపాడు. కింది మూడు మెట్లలో పిల్లలను వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, నామమాత్రంగా పిలవడం ఉన్నాయి. అవి అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చేదాకా అట్టముక్కలు పట్టుకుని ఎండలో నిలబడే మన ర్యాలీలు ఆ మూడింటిలో ఎక్కడికి వస్తాయో పిల్లలనే అడగండి. నిర్మొహమాటంగా చెబుతారు.

తమలాంటివాళ్లను చూపించడం దీనికన్నా మేలు. కర్ణాటకలో పంచాయతీలు మక్కళ గ్రామసభలు, అంటే పిల్లల గ్రామసభలు, నిర్వహిస్తాయి. పిల్లలే లేచి తమ ఊరి సమస్యలు అడుగుతారు. ఆ సంగతి చెప్పి, మన ఊళ్లోనూ పెట్టమని అడగవచ్చా అన్నది పిల్లలకే వదిలేయండి. పక్క బడి పిల్లలను పిలిచి మీవాళ్ల చేతే చెప్పించడం ఇంకా మంచిది.

పిల్లలను ముందుంచకూడని చోట్లు

బెల్టు షాపు, ఇసుక లారీలు, భూమి తగాదా, కులం గొడవ: వీటిలో పిల్లలు ఎంత ఉత్సాహం చూపినా ముందు నిలబడాల్సింది పెద్దలే. తోటి అమ్మాయికి పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తున్నారని తెలిసినా, స్నేహితుణ్ణి బడి మాన్పించి పనిలో పెట్టారని తెలిసినా పిల్లలు మీకు చెప్పాలి, లేదా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయాలి. ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. సొంతంగా వెళ్లి ఆ ఇంటివాళ్లతో మాట్లాడకూడదు. బాల్యవివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చింది. ఫోను చేయడం కూడా మార్పు తేవడమేనని, అందులో పిరికితనం లేదని గట్టిగా చెప్పండి.

కరెంటు స్తంభాలు, బావులు, మురుగు కాల్వల దగ్గర కొలతలు వద్దు. రోడ్డు మీద లెక్కింపు గేటు లోపలి నుంచే.

8. ఫైలు కింది తరగతికి అప్పగించాలి

చివరికి అన్నీ ఒక అట్ట ఫైల్లో పెట్టించండి. మొదటి రోజు తిరిగి రాసిన జాబితా, కొలతల పట్టిక, ముద్ర వేసిన అర్జీ ప్రతి, వారం వారం రాసిన వాక్యాలు, కార్యాలయం నుంచి వచ్చిన కాగితం ఏదైనా ఉంటే అది, కుళాయి ముందూ తర్వాతా ఫోటోలు. చివరి పేజీలో పిల్లలు మూడు సంగతులు రాయాలి: ఎవరు సాయం చేశారు, ఏ రోజు, ఏ సమయంలో వెళ్తే ఆ అధికారి దొరుకుతారు, మళ్లీ చేస్తే ఏం మారుస్తాం. మొదటి జాబితాలో మిగిలిపోయిన సమస్యలకు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, జూన్‌లో కొత్తగా ఆరో తరగతికి వచ్చే పిల్లలకు ఏడో తరగతివాళ్లే ఆ ఫైలు ఇచ్చి చదివి వినిపించాలి. ఆ రోజు మీరు ఆఖరి బెంచీలో కూర్చోండి, అడిగితే తప్ప మాట్లాడకండి.